పదకొండో భయం

మధుమిత దగ్గర మొదట ఉన్నవి పదకొండు భయాలు.

లెక్కపెట్టింది వాళ్ళ నాన్న కోదండరాం. చెన్నై ప్యారీస్ కార్నర్ బజారులో ఒక పప్పుల మండీలో లెక్కలు చూసే మనిషి. గ్యాసు సిలిండరు ఇంకెన్నాళ్ళు వస్తుందో, తల్లి బీపీ మాత్రలు ఎన్ని మిగిలాయో, కూతురికి ఎన్ని భయాలున్నాయో ఆయనకి నోటి మీద ఉండేవి. కుక్కలు, లిఫ్టు, సూది, చీకటి, బల్లి, ఉరుము. పక్కనే ఉన్న మనలి వైపు నుంచి వచ్చే ఫ్యాక్టరీ సైరను. ఎత్తు మీంచి కిందికి చూడడం. నలుగురి ముందర ఇంగ్లీషు మాట్లాడడం. అమ్మ ఆఫీసు నుంచి తిరిగి రాదేమో అన్నది పదోది. పదకొండోది, అన్నింటికంటే పెద్దది, కంటైనర్ లారీలు.

తిరువొత్తియూరులో వాళ్ళ ఇల్లు ఎక్స్‌ప్రెస్ రోడ్డుకి సముద్రం వైపు ఉంది. తాత కట్టించినప్పుడు దాని మీద సైకిళ్ళు పోయేవి. ఇప్పుడు హార్బరుకి పోయే లారీలు పోతాయి. బడి, మెట్రో స్టేషను, మందుల షాపు అన్నీ రోడ్డుకి అవతలే. కోదండరాం రోజూ కూతుర్ని దాటించి, బడి దగ్గర వదిలి, మెట్రో ఎక్కేవాడు. రోడ్డు అంచున నిలబడగానే మధు ఆయన రెండు వేళ్ళు పట్టుకునేది.

"ఇప్పుడా నైనా?"

"ఇప్పుడు కాదు."

ఒక లారీ పోయేది. కాళ్ళ కింద మట్టి అదిరేది.

"ఇప్పుడా?"

"ఉండు మ్మా. ఇంకోటి రానీ."

"ఇప్పుడు?"

"ఊఁ. పద."

అవతలికి చేరాక ఆయన వేళ్ళ మీద గోళ్ళ గుర్తులు ఉండేవి. మండీలో కూర్చుని కంప్యూటరు తెరిచేసరికి పోయేవి.

మిలిటరీ బడికి పోవాలన్న కోరిక ఆ పిల్లదే. ఒక రిపబ్లిక్ డే నాడు మెరీనా రోడ్డు మీద కవాతు చూసింది. అందరికంటే ముందు కత్తి పట్టుకుని నడిచిన ఒక అమ్మాయిని చూసింది. ఇంటికొచ్చి చారన్నం కలుపుకుంటూ, "నేను అట్లా నడవాల," అంది. మర్నాడు జుట్టు కత్తిరించుకుని వచ్చింది.

ఆ బడి ఉత్తరాదిన కొండల్లో ఉంది. ఏడో తరగతి చదివేవాళ్ళకి పరీక్ష పెడతారు. కొన్నేళ్ళ కిందట అమ్మాయిల్ని కూడా తీసుకోవడం మొదలుపెట్టారు. రాష్ట్రం మొత్తానికి ఒక్క సీటు. మధు రాత పరీక్ష దాటింది. ఇంటర్వ్యూకి తొమ్మిదిమందిని పిలిచారు.

"తొమ్మిదిలో ఒకటి," అన్నాడు కోదండరాం. "నూటికి పదకొండు."

"దాని భయాలూ అన్నే కదండీ," అంది ఇంద్రజ, ఆయన భార్య. షోళింగనల్లూరులో ఒక కంపెనీలో జీతాల బిల్లులు చూస్తుంది. పోను రెండు గంటలు, రాను రెండు గంటలు ఆఫీసు క్యాబులో.

పిల్లని తర్ఫీదుకి అయనావరంలో నాగలింగం దగ్గర చేర్పించారు. ఆయన సైన్యంలో సుబేదారుగా చేసి రిటైరయి, మేడ మీద రేకుల షెడ్డులో పిల్లల్ని ఇంటర్వ్యూలకి తయారుచేస్తాడు. మొదటిరోజే ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పాడు.

"జీకే నేను చూసుకుంటా సార్. నిలబడడం, జవాబు చెప్పడం, అదీ నాదే. భయాలు మాత్రం మీ డిపార్టుమెంటు. బోర్డువాళ్ళు పిల్ల కంటే ముందు తల్లిదండ్రుల్ని పిలిచేది అందుకే. తీసినారా లేదా అని చూస్తారు. ఒక్కటి మిగిలినా తెలిసిపోతాది."

"సెరి సార్," అన్నాడు కోదండరాం. ఆయనకి అది మిగతా ఫీజులాగానే అనిపించింది.

వాళ్ళింట్లో భయం తీసే చెయ్యి రాజలక్ష్మిది, కోదండరాం తల్లిది. ఇతరుల ఇళ్ళల్లో రాళ్ళుప్పు పిల్లల తల చుట్టూ తిప్పి పొయ్యిలో వేస్తారు. చిటపటలాడి పోతుంది. వీళ్ళింట్లో పారెయ్యడం లేదు. మూడుసార్లు తిప్పిన ఉప్పురాయిని ఇంకొకరి నాలుక మీద పెడతారు. అది కరిగేసరికి భయం ఆ మనిషిలోకి దిగుతుంది. తీసే చెయ్యి దాన్ని పెట్టుకోవడానికి లేదు. పెట్టుకుంటే ఆ పిల్ల తల్లి, లేకపోతే తండ్రి.

ఆదివారానికి ఒకటి తీశారు. కుక్కలూ, సూదీ, ఉరుమూ, సైరనూ, ఇంగ్లీషూ కోదండరాం పెట్టుకున్నాడు. లిఫ్టూ, చీకటీ, బల్లీ, ఎత్తూ ఇంద్రజ పెట్టుకుంది. పదోది, అమ్మ తిరిగి రాదేమో అన్నది కూడా ఆమే పెట్టుకుంది.

ఇల్లు కొత్త పద్ధతికి అలవాటు పడింది. వీధి కుక్క కోసం కోదండరాం జాలర్లుండే కుప్పం వెనకనుంచి చుట్టు తిరిగి పోయేవాడు. మండీలో సూరత్ వ్యాపారి ఫోను చేసి ఇంగ్లీషు మొదలుపెడితే రిసీవరు పక్కవాడికి ఇచ్చేవాడు. ఇంద్రజ ఆఫీసులో ఏడో అంతస్తుకి మెట్లెక్కి, పోయేటప్పుడు కిటికీల వైపు చూడకుండా గోడ పట్టుకుని నడిచేది. సాయంత్రం క్యాబులో కూర్చుని, నేను ఇంటికి చేరనేమో అని తన గురించే తను భయపడుతూ వచ్చేది. చేరాక చెప్పులు విప్పి, చేరినాను అని గట్టిగా అనేది. మధు పుస్తకంలోంచి తలెత్తి, "తెలుస్తా ఉందిలే మ్మా," అనేది. అంతకుముందు ఆ పిల్ల కిటికీ ఊచలు పట్టుకుని నిలబడి ఉండేది.

ఆనుకోవడం కూడా మానేసింది. ఉరిమితే అవ్వ ఒళ్ళో మొహం పెట్టుకునే పిల్ల ఇప్పుడు తిన్నగా కూర్చుని అన్నం తినేది. సైరను మోగితే అవ్వ పక్కమీదికి చేరేది కాదు. రాజలక్ష్మి ఒకట్రెండుసార్లు తనే పోయి పక్కన పడుకుంది. "చెమటగా ఉంది అవ్వా, జరుగు," అంది మధు. మాటలో విసుగు కూడా లేదు.

మిగిలింది లారీలు.

"ఇదొకటి ఉంచరా కోదండం," అంది రాజలక్ష్మి, ఉప్పు డబ్బా ఒళ్ళో పెట్టుకుని. "ఈ రోడ్డు పక్కన ఉండే బిడ్డకి అది ఉండాల."

"ఉంచితే ఒకటి మిగులుతాది కదా మ్మా. పది తీసి లాభమేంది? సున్నా కావాల."

"నువ్వు లెక్క చూసుకుంటా ఉండావు."

"లెక్క కాక ఇంకేం చూడాల?"

"మునియక్కని చూడు."

మునియక్క పక్కవీధిలో చేపలు అమ్ముతుంది. కొడుకు పడవ మీదికి పోవడం మొదలుపెట్టినప్పుడు వాడి సముద్రభయం తీసి పెట్టుకుంది. అప్పట్నుంచీ సముద్రానికి వీపు పెట్టి కూర్చునే అమ్ముతుంది. పోయినేడు తుపాను జెండా ఎగరేసిన రోజు కుప్పంలో ఎవరూ పడవ దింపలేదు. వాడొక్కడే దింపాడు. భయం ఇప్పటికీ ఆమె దగ్గరే ఉంది. తిరిగి తీసుకునేవాడు లేడు. అల చప్పుడు గట్టిగా వస్తే తక్కెడ వదిలేసి చెవులు మూసుకుంటుంది. కొనేవాళ్ళు ఆగి, ఆమె చేతులు దించాక బేరం మొదలుపెడతారు.

"మధు పడవ మీదికి పోవడం లేదు," అన్నాడు కోదండరాం.

"ఎక్కడికి పోతా ఉందో నాకేం తెలుసు?" అంది ముసలామె. మనవరాలి వైపు తిరిగింది. "నువ్వు చెప్పు పాపా. తీసేదా?"

"తియ్యి అవ్వా," అంది మధు. "నాకు సీటు కావాల."

రాజలక్ష్మి ఉప్పు తిప్పింది. కొడుకు నాలుక మీద పెట్టేముందు చెయ్యి ఆపింది. "మళ్ళా ఇచ్చేసేదానికి నా చెయ్యి అక్కర్లేదు. పెట్టుకున్నోడు కళ్ళు తెరుచుకుని దానికి ఎదురు పోవాల. బిడ్డ చెయ్యి పట్టుకుని. చాతనైతే."

కోదండరాం నోరు తెరిచాడు.

మర్నాడు ఉదయం రోడ్డు అంచున ఆయన కాళ్ళు ఆగిపోయాయి. లారీ ఇంకా దూరంగా ఉండగానే కరెంటు స్తంభం పట్టుకున్నాడు. ఆ పిల్ల ఇన్నేళ్ళూ రోజూ రెండుసార్లు ఈ భయాన్ని మోసుకుని దాటిందా అనుకున్నాడు. మధు ఆయన చెయ్యి పట్టుకుంది. "కళ్ళు మూసుకో నైనా. నేను తీసుకుపోతా." మూసుకున్నాడు. ఆ పిల్ల నడిచింది. కుడివైపు చూడలేదు, ఎడమవైపు చూడలేదు. చూడడం భయంలోనే ఒక భాగమని అప్పటిదాకా ఎవరికీ తోచలేదు. లారీలే బ్రేకులు వేశాయి. డ్రైవర్లు అరవంలో తిట్టారు.

ఇంటర్వ్యూ రోజు ముగ్గురూ కలిసి దాటుతుంటే ఒక లారీ ఇంద్రజ చీర కుచ్చెళ్ళకి జానెడు దూరంలో ఆగింది. బంపరు వేడి ఆమె మోకాళ్ళకి తగిలింది. మధు డ్రైవరు వైపు చూసి, దారిచ్చినందుకు చెయ్యెత్తి నడిచిపోయింది.

గిండీ దగ్గర ఆ ఆఫీసు నాలుగో అంతస్తులో ఉంది. ఇంద్రజ కోసం మెట్లెక్కారు. పైన పెద్ద హాలు. ఒకవైపు కుర్చీల్లో తొమ్మిదిమంది అమ్మాయిలు వీపులు ఆనించకుండా కూర్చుని ఉన్నారు. ఇంకోవైపు తల్లిదండ్రులు.

అంత పెద్ద మీసాల పోలీసు ఇన్‌స్పెక్టరు ఒకాయన కిటికీ మీది పావురాన్ని చూసి భార్య వెనక్కి జరుగుతున్నాడు. ఒకావిడ ఫ్యాను చప్పుడుకి చీర చెంగు నోట్లో కుక్కుకుంది. ఒక తండ్రి రెండు చేతులతో నీళ్ళ గ్లాసు పట్టుకుని, నీళ్ళ వైపు చూడలేక పక్కకి తిరిగి తాగుతున్నాడు. ఫైళ్ళు మోసే ప్యూను వాళ్ళ మధ్యలోంచి జాగ్రత్తగా, చప్పుడు చెయ్యకుండా నడుస్తున్నాడు. రోజూ చేసే పనిలాగే ఉంది. అమ్మాయిలు ఒకరినొకరు చూసుకోవడం లేదు, అమ్మానాన్నల్నీ చూడడం లేదు. వాళ్ళ నుదుళ్ళ మీద చెమట లేదు.

"మీరు ఎన్ని?" అని అడిగింది పక్కన కూర్చున్నామె.

"పదకొండు," అంది ఇంద్రజ. "మీరు?"

"పధ్నాలుగు. మా ఆయనకి షుగరు, అందుకని అన్నీ నేనే పెట్టుకున్నా." ఆమె కుర్చీని గోడకి ఇంకా దగ్గరికి జరుపుకుంది. "పరవాలేదు. సీటొస్తే చాలు."

లోపల ముగ్గురున్నారు. మధ్యలో నెరిసిన జుట్టు పెద్దాయన. ఎడంపక్క ఒకాయన ఏదో రాసుకుంటున్నాడు. కుడిపక్క యూనిఫారంలో ఒకామె, పేరు వసంతలక్ష్మి అని ఎదురుగా బిళ్ళ ఉంది. పెద్దాయన ఇంగ్లీషులో కోదండరాంని ఏదో అడిగాడు. మామూలు ప్రశ్నే, ఏం పని చేస్తారని. కోదండరాం కుర్చీ అంచు పట్టుకున్నాడు. ఎదురుగా ఉన్న మూడు మొహాలు ముప్ఫై అయ్యాయి. చొక్కా వీపుకి అంటుకుంది.

"ఈ భయం మీ అమ్మాయిదే కదూ?" అన్నాడు పెద్దాయన తమిళంలోకి మారి.

కోదండరాం తలూపాడు.

"మంచిది. శుభ్రంగా తీశారు. కొంతమంది సగం సగం తీసి వస్తారు." ఎడంపక్కాయన రాసుకున్నాడు. "సెలవులకి వచ్చినప్పుడు తిరిగి ఇవ్వకూడదు. చేరే రోజున గేటు దగ్గర మళ్ళీ చూస్తాం, ఒక్కటి వెనక్కి చేరినా పిల్లని అక్కడినుంచే పంపించేస్తాం. ఆ తర్వాత సర్వీసు అయిందాకా మీరే పెట్టుకోవాలి. సుమారు నలభై ఏళ్ళు అనుకోండి. మీ వయసు?"

"నలభై నాలుగు," అంది ఇంద్రజ, భర్త తరఫున.

ఎనభై నాలుగు. కోదండరాం లోపల ఆ అంకె చప్పున తేలింది. వాళ్ళ నాన్న అరవై ఎనిమిదికి పోయాడు. తాత అరవై మూడుకి. పదహారేళ్ళో ఇరవయ్యొక్కేళ్ళో ఎక్కడినుంచో తేవాలి. ఎంత తిప్పి చూసినా రాలేదు.

"ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకోండి," అన్నాడు పెద్దాయన. "అదే మీరు ఆ పిల్లకి చెయ్యగలిగిన సాయం. వెళ్ళిరండి, అమ్మాయిని పంపండి."

వసంతలక్ష్మి తలుపు దాకా వచ్చింది. ఎడమకాలు నేలకి ఆనినప్పుడు లోహం చప్పుడు వచ్చింది. వాళ్ళ ఇంటిపేరు చూసి కాబోలు, నెల్లూరు యాసలో మెల్లగా మాట్లాడింది.

"ఏ భయం ఆఖర్న తీసినారు?"

"లారీలు మేడం," అంది ఇంద్రజ.

"నాదీ అట్లాంటిదే. మా నాయన పెట్టుకున్నాడు." ఆమె తలుపు సగం దగ్గరికి లాగింది. "ఆయన పోయి ఆరేళ్ళాయ. నా భయాలన్నీ ఆయనతోనే పోయినాయి, జాగ్రత్త అని చెప్పే నోరూ పోయింది. ఆ తరవాత వారానికే ఈ కాలు. ముందర ఏముందో చూసుకోవాలని నాకు తోచనే లేదు." లోపలికి ఒకసారి తిరిగి చూసింది. "మీ అమ్మాయిని రమ్మనండి."

మధు లోపలికి పోయి వచ్చింది. నాలుగింటికి ప్యూను తలుపు మీద ఒక్క పేరు అంటించాడు. మధుమిత. మిగతా ఎనిమిదిమంది తల్లిదండ్రులు మెల్లగా లేచారు. పధ్నాలుగు పెట్టుకున్నామె గోడ పట్టుకుని నడుస్తూ, "నాలుగేండ్ల పిల్లప్పటినుంచీ తీస్తా ఉన్నాం," అంది, ఎవరితోనో తెలియకుండా. ఆమె కూతురు ముందే మెట్లు దిగిపోయింది.

మెట్రోలో ముగ్గురికీ సీట్లు దొరికాయి. మధు మధ్యలో కూర్చుంది. రైలు ఊగితే ఇటు తండ్రి మీదికి గాని అటు తల్లి మీదికి గాని ఒరగలేదు.

"నన్ను ఏమడిగినారో తెలుసా?" అంది. "చెరువులో స్నేహితురాలు మునిగిపోతా ఉంది, నీకు ఈత రాదు, ఏం చేస్తావు అని. దూకుతా అని చెప్పినా."

"తరవాత?"

"తరవాత ఏముంది? అవ్వళవుదాన్, అంతే. చాలా బాగా చెప్పినావు అన్నాడు ఆ పెద్ద సారు. ఆ మేడం మాత్రం ఏం మాట్లాడలే."

ఇంద్రజ కిటికీ వైపు చూడకుండా తన చేతుల వైపు చూసుకుంటూ కూర్చుంది. తిరువొత్తియూరు వస్తుండగా అంది.

"ఏమండీ. ఆ మేడం కాలు చూసినారా?"

"చూసినా."

"నా లెక్కలో ఇంకో భయం ఉంది. మధు ఆ బడికి పోయినాక ఏ రాత్రి ఏం ఫోను వస్తాదో అన్నది. అది దానిది కాదు, నాది."

కోదండరాం లేచి రైలు తలుపు వైపు నడిచాడు. స్టేషను మెట్లు దిగాడు. స్వీటు షాపు దగ్గర మధు ఆగితే అవ్వకి మైసూర్‌పాక్ కొన్నాడు. వీధి చివర రోడ్డు వచ్చింది.

సాయంత్రం వేళ లారీలు ఖాళీ లేకుండా పోతున్నాయి. నీలం డబ్బాలు, ఎర్ర డబ్బాలు, ఒక్కోటి వాళ్ళ ఇంటికంటే పొడుగు. మధ్య సందుల్లోంచి అవతల గేటు దగ్గర రాజలక్ష్మి తెల్లచీర ఒకసారి కనిపించి, ఒకసారి మాయమవుతోంది.

"కళ్ళు మూసుకో నైనా," అంది మధు చెయ్యి చాపి.

ఆయన మూసుకున్నాడు. చక్రాల చప్పుడు పాదాల్లోంచి పైకి పాకింది.

"నేను బడిలో చేరే జనవరికి ఎంతో లేదు. నువ్వే దాటడం నేర్చుకోవాల. నేను పోయినాక నిన్ను ఎవరు దాటిస్తారు?"

కోదండరాం కళ్ళు తెరిచాడు.

మొదటి లారీ చూడగానే వెనక్కి జరిగాడు. ఇంద్రజ వెనకనుంచి ఆయన జబ్బ పట్టుకుని నిలబెట్టింది. ఆమె మొహం చూసి, ఆయన మొహం చూసి, మధుకి అర్థమయింది.

"నైనా, మూసుకో అన్నా కదా."

"లేదు మ్మా. చూసుకునే పోదాం."

"వేణాం నైనా," అని వద్దంది. కోపం వస్తే ఆ పిల్లకి అరవం వచ్చేస్తుంది. తరవాత తెలుగులోకి మళ్ళి, ఒక్కో మాటా విడివిడిగా అంది. "నా పేరు అంటించినారు. తొమ్మిదిమందిలో నాది. మీరే తీసినారు, మీరే మళ్ళా ఇస్తే ఎట్లా? గేటు దగ్గర నన్ను పంపించేస్తారు."

"పంపించేస్తారు," అన్నాడు కోదండరాం.

"నేను నిన్ను జన్మలో క్షమించను."

"సెరి మ్మా."

ఆ పిల్ల చెయ్యి లాక్కుంది. ఆయన వదల్లేదు. ఇంద్రజ తన చెయ్యి కూడా వాళ్ళ చేతుల మీద వేసింది.

కోదండరాం కుడివైపు చూశాడు. ఆకాశమంత ఎత్తున ఒకటి వస్తోంది. "ఇప్పుడు కాదు," అన్నాడు. అది పోయింది. దాని గాలికి మైసూర్‌పాక్ పొట్లం కాగితం రెపరెపలాడింది. ఎడమవైపు చూశాడు. మళ్ళీ కుడివైపు. "ఇప్పుడు కాదు." ఇంకోటి పోయింది. దాని వెనక ఒక సందు, చిన్నది, దూరంగా ఇంకో లారీ దీపాలు.

చేతిలో లాగడం ఆగింది. ఆయన చూపుడువేలి మీద ఒక గోరు గుచ్చుకుంది. తరవాత ఇంకోటి.

"ఇప్పుడా నైనా?" అంది మధు. చాలా చిన్న గొంతు.

"ఊఁ," అని, కోదండరాం కళ్ళు పెద్దగా తెరుచుకుని, కుడికాలు ఎత్తాడు.